నడుముకు కట్టిన పోస్టాఫీసు

నాచారం నుంచి మల్లాపూర్ పోయే రోడ్డు మీద, కర్రీపాయింటుకూ పంచర్ల దుకాణానికీ నడుమ ఇరుక్కున్న ఒంటిగది మడిగెల, పాండురంగ నెట్ సెంటర్ నడిపేటోడు. మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక ఫ్యాను, వాటన్నిటికంటె ఎక్కువ చప్పుడు చేసే పాండురంగ నోరు. అదీ ఆ సెంటరు. తెలంగాణ వస్తదా రాదా అని హోటళ్ళ కాడ జనం చాయ పందేలు కాసుకుంటున్న ఆ ఎండకాలంల పాండురంగ ఒక అద్దం ఫోను కొన్నడు. కొన్న దినం నుంచి మనిషికి కాళ్ళు భూమికి ఆనుడు బంద్ అయింది.

ఫోన్లు అందరూ కొంటరు. కని ఈ ఫోనుకు ఒక గుణం ఉండె. మెయిల్ వచ్చుడే ఆలస్యం, టింగ్ మని మోగేది. పాండురంగ దాన్ని తోలు సంచిల పెట్టి నడుముకు కట్టుకున్నడు. లారీ పోతున్నా వినబడేటట్టు చప్పుడు ఆఖరిదాక పెంచుకున్నడు. చాయ తాగేటోళ్ళను ఆపి మరీ చెప్పేటోడు: "ఢిల్లీల మీట నొక్కుతె నా నడుం కాడ టింగ్ మంటది. ఇగ మెయిల్ కోసం కంప్యూటర్ ముందట కూసునుడు ముసలోళ్ళ పని."

ఆ మాట విన్నప్పుడల్ల దుర్గాభవానికి ఒళ్ళు మండేది.

"ఎడ్లకు కూడ మెడల గంట కడ్తరు గదనే అవ్వా. అవి గింత మురుస్తయా?" అని తల్లి వెంకటనర్సమ్మను అడిగేది.

"ఎడ్లు పని చేస్తయి బిడ్డా. వాటికి మురిసే తీరిక యాడిది?" అనేది తల్లి.

తీసిపారేద్దామంటె తల్లీబిడ్డలకు ఆ గంటతోనే అవసరం పడ్డది. ఎందుకంటె, కొలువుకు అర్జీ పెట్టాల్నంటె నెట్‌ల పెట్టాలె. అర్జీల మెయిల్ ఐడీ అని ఒక గడి ఉంటది. మొదట్ల పాండురంగ ఎవరి ఐడీ వాళ్ళకే చేసి ఇచ్చేటోడు. వారం తిరగకముందే పాస్‌వర్డ్ మర్చిపోయి, ఆధార్ కార్డు పట్టుకొని, రేషన్ దుకాణానికి వచ్చినట్టు వచ్చి వాని ముందట నిలబడేటోళ్ళు. వానికి విసుగు పుట్టింది. అర్జీ ఎవరిదైతేంది, ఆ గడిల తన సెంటరు ఐడీయే కొట్టుడు మొదలుపెట్టిండు. ఫోన్ నంబరు గడిల కూడ తన నంబరే. కాలేజి సీటు, పాస్‌పోర్టు, గ్యాస్ బండ, పెండ్లి సంబంధం, కొలువు, బస్తీ బస్తీ జాతకమంత వచ్చి ఒక్క ఐడీల పడేది. మౌసును ఎవల్నీ ముట్టనిచ్చేటోడు కాదు. "కూసో, నేను కొడ్త. నాయిన పేరు చెప్పు సాలు," అనేటోడు.

ఫోను రాకముందు మనిషి ఇట్ల ఉండె అంటె పాపం తగుల్తది. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి కంప్యూటర్ల మెయిల్ తెరిచి, ఒక్కొక్కటి ఒత్తి చదివి, వచ్చినోళ్ళ పేర్లు తెల్లకాయితం మీద రాసి తలుపుకు అతికించేటోడు. ఫోను వచ్చినంక ఆ కాయితం ఆగిపోయింది. కంప్యూటర్ల మెయిల్ తెరుచుడే మానేసిండు. మోగితె వచ్చినట్టు, మోగకపోతె రానట్టు. అంతే లెక్క.

మోగంగనే బయటికొచ్చి రోడ్డు మీద ఒర్రుతడు. ఒకనాడు కర్రీపాయింటు కాడ బడిపంతులు చిదంబరం పప్పు కట్టించుకుంటున్నడు. నలభై దగ్గరపడ్డ మనిషి, పెండ్లి కాలే.

"చిదంబరం సారూ! ఆ జనగామ పిల్ల నీ ఫోటో వద్దన్నదట! ఇప్పుడే టింగ్ మన్నది!"

చిదంబరం పప్పు కట్టించుకున్నడు గని చారు పొట్లం అట్లనే వదిలిపెట్టి పోయిండు. వారం రోజులు ఆ రోడ్డు మొఖం చూడలే. పాండురంగ మాత్రం తన సర్వీసు ఎంత ఫాస్ట్ ఉన్నదో చెప్పనీకి ఆ ముచ్చటనే ఎత్తుకునేటోడు.

మంచి మెయిల్ చెప్పిన ఇంట్ల నుంచి వానికి సొరకాయ వచ్చేది. చెడ్డ మెయిల్ చెప్పిన ఇంట్ల నుంచి కూడ సొరకాయనే వచ్చేది, రేపన్న మంచిది చెప్తడేమో అని. మెయిల్‌ను పంపేటోడు ఎవడో, రాసేటోడు ఎవడో ఎవలికీ పట్టలే. పాండన్న చెప్తెనే వచ్చినట్టు. బస్తీకి పాండురంగ అట్ల తయారైండు.

దుర్గాభవాని ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసింది. సూది గుచ్చి రక్తం తియ్యాలె, అద్దం పలక మీద రుద్దాలె, కండ్లకు కనబడని దాన్ని పట్టుకోవాలె. చేస్తున్న పనేమో ఇండస్ట్రియల్ ఏరియాల మందుసీసాల మూతల కంపెనీల. మూతకు సొట్ట ఉన్నదా లేదా చూసి డబ్బల వేసుడు. సొట్ట ఉంటె ఈ డబ్బ, లేకుంటె ఆ డబ్బ. మూడేండ్ల నుంచి అదే. సదివిన సదువు చేతుల నుంచి కారిపోతున్నదని ఆమెకు తెలుసు. "ఇంకొక్క ఏడు గిట్లనే పోతె నరం యాడుంటదో కూడ మర్చిపోత అవ్వా," అని ఒకనాడు అన్నం ముందట కూసొని అన్నది. వెంకటనర్సమ్మ ఆ రాత్రి తినలే.

అప్పుడే ఉప్పల్ రింగురోడ్డు దిక్కు ఐదంతస్తుల కొత్త దవాఖానా లేచింది. ల్యాబ్‌కు మనుషులు కావాల్నని పేపర్ల పడ్డది. దుర్గాభవాని, ఆమెతోని కోర్సు చదివిన శివ, రత్నకుమారి, ముగ్గురూ ఒక్కదినమే పోయి పాండురంగ సెంటర్ల అర్జీలు పెట్టిన్రు. ముగ్గురి గడులల్లా అదే ఐడీ, అదే నంబరు.

ఆనాటి నుంచి దుర్గాభవాని డ్యూటీకి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి అడుగుడు.

"ఏమన్న వచ్చిందా అన్నా?"

"వస్తె నేను ఆగుతనా చెల్లే? నువ్వు మూతల కాడ ఉన్నా అక్కడిదాక వినబడ్తది," అని నడుము మీద ఒకసారి తట్టుకునేటోడు. ఆ తట్టుకునుడు చూస్తె ఆమెకు సంచీని కోసి మోరిల పారెయ్యాల్ననిపించేది.

సోమవారం పొద్దున డ్యూటీకని బయలుదేరితె, చౌరస్తాల శివ కనబడ్డడు. ఇస్తిరి అంగీ, నెత్తికి నూనె, నొసట బొట్టు, సంకల ఫైలు.

"ఎటురా, పిల్లను చూడనీకి పోతున్నవా?" అన్నది నవ్వుకుంట.

శివ మొఖం ఒకతీరుగ అయింది. "అక్కా, నీకు తెల్వదా? దవాఖానా మెయిల్ వచ్చింది గద, శనివారం మాపున. సర్టిఫికెట్లు చూసుడు, పరీక్ష, అన్నీ ఇయ్యాల్నే. ఒంటిగంట లోపల పోవాలె. పాండన్న ఉరికొచ్చి చెప్పిండు. నీకు చెప్పలేదంటె..." అని ఫైలు సంక మార్చుకొని, "నీకు రాలేదేమో అక్కా," అన్నడు.

షేర్ ఆటో వచ్చింది. ఎక్కి పోయిండు. దుర్గాభవాని రోడ్డు మీద నిలబడిపోయింది. ఈ శివ కోర్సు రెండేండ్లు ఆమె పక్కన కూసొని ఆమె కాయితంల చూసి రాసినోడు. రక్తం చూస్తె కండ్లు తిరిగి పడేటోడు. వాన్ని పిలిచి తనను పిలవని దవాఖానా ఉంటె ఉండొచ్చు, లోకంల ఏదైనా ఉంటది. కని ముందు ఆ మెయిల్‌ను కండ్లతోని చూడాలె. తల్లికి ఫోన్ చేసి సర్టిఫికెట్ల కవరు పట్టుకొని నెట్ సెంటర్ కాడికి రమ్మన్నది.

పాండురంగ సెంటర్ అప్పుడే తెరవలే. ఎండ ఎక్కినంక మెల్లగ వచ్చి షట్టరు లేపి, కంప్యూటర్లకు ఊదుబత్తి తిప్పి, ఆఖరికి నడుం మీది ఫోనుకు కూడ తిప్పుకున్నడు. అప్పటికే త్రిమూర్తులు వచ్చి కుర్చీల కూసున్నడు. కాకినాడ దిక్కు మనిషి, దమ్మాయిగూడల ప్లాట్లు అమ్మిపెడ్తడు.

"దవాఖానా మెయిల్ వచ్చిందట గద అన్నా," అన్నది దుర్గాభవాని.

"వచ్చింది. శివకు. శనివారం మాపున మిర్చిబజ్జి నోట్ల పెట్టుకున్న, టింగ్ మన్నది. కొరికిన బజ్జి కొరికినట్టే పెట్టి ఉరికిన. గట్లుంటది మన సర్వీసు."

"నాది?"

"నీది రాలే."

"రాలేదని ఎట్ల తెల్సు?"

"మోగలే."

"ఒకసారి లోపల తెరిచి చూడరాదు?"

"లోపల ఏముంటది చెల్లే? వస్తె మోగుతది. మోగలేదంటె రాలే. దీనికి చూసుడేంది?"

త్రిమూర్తులు పేపరు మడిచిండు. "అమ్మాయ్, అది టెక్నాలజీ. మనిషైతే మర్చిపోతాడు గానీ మిషను మర్చిపోదు. సెలెక్ట్ అవ్వలేదేమో, ఒప్పేసుకోవచ్చు కదా. పొద్దున్నే ఆయన్ని ఇలా తినేస్తే ఎలాగండీ?"

"మీరు చెరువుల ప్లాటు అమ్మేటప్పుడు కూడ గింత నమ్మకంగనే చెప్తరు త్రిమూర్తులు గారూ," అన్నది. ఆయన మళ్ళ పేపరు విప్పుకున్నడు.

ఇంతల వెంకటనర్సమ్మ వచ్చింది, బజ్జి ముచ్చట బయటికెల్లే విన్నది. హాస్టల్ల రొట్టెలు కాల్చి కాల్చి వచ్చిన మనిషి, మోచేతులదాక పిండి. మడిగె తలుపు నిండ నిలబడ్డది.

"ఏమాయెరా పాండూ? నా బిడ్డ ముచ్చట బజ్జిలతోని కలిపి మింగినవా?"

"అత్తా, నీకు తెల్వదు, నువ్వు ఊకో. ఇది మెయిల్ ముచ్చట."

"మెయిలో గియిలో, ఆ డబ్బ తెరిచి పిల్లకు చూపెట్టు."

"అట్ల అందరికీ చూపెట్టరాదత్తా. అందరి సంగతులు ఉంటయి అండ్ల. ప్రైవసీ అంటరు దాన్ని."

"చిదంబరం పంతులు పెండ్లి ముచ్చట నడిరోడ్డు మీద ఒర్రినప్పుడు యాడ వాయె అది? అయ్యాల బజ్జి తిననీకి పోయిందా?"

త్రిమూర్తులు పేపరు వెనుక నవ్వు ఆపుకున్నడు. పాండురంగకు రోషం వచ్చింది. ఎవలన్న తనను అనుమానిస్తె పడ్తడు గని, ఫోనును అనుమానిస్తె పడడు. సంచి గుండీ పీకి, ఫోను తీసి, దుర్గాభవాని మొఖం ముందట పెట్టిండు.

"ఇగో చూడు. దవాఖానా పేరు మీద ఒక్కటే లైను. ఉన్నదా? ఒత్తుతున్న. ఏమున్నది? డియర్ శివ. అయిపాయె. సాలా?"

దుర్గాభవాని ఫోను చేతుల్లకు తీసుకొని మళ్ళ వెనుకటి లిస్టుకు పోయింది. లైను నిజంగ ఒక్కటే ఉన్నది. కని దవాఖానా పేరు పక్కన సన్నగ, బూడిదరంగుల ఒక అంకె ఉన్నది.

"ఈ మూడేందన్నా?"

పాండురంగ ఒంగి చూసిండు. ఆ అంకెను జన్మల మొదటిసారి చూస్తున్నట్టు చూసిండు. "తారీకు గావచ్చు."

"శనివారం మూడో తారీకా?"

"ఐతె మూడుసార్లు పంపిన్రు. గట్టిగ చెప్పనీకి."

దుర్గాభవాని ఒత్తింది. శివ మెయిల్ తెరుచుకున్నది. దాన్ని వేలితోని పైకి తోసింది. దాని కింద మడత పెట్టిన బట్టల లెక్క రెండు గీతలు సన్నగ ఉన్నయి. ఒకదాన్ని ఒత్తింది. డియర్ రత్నకుమారి. ఇంకోదాన్ని ఒత్తింది. డియర్ దుర్గాభవాని.

సంగతి అదీ. ఒకే దవాఖానా నుంచి, ఒకే తలకట్టుతోని, ఒకే ఐడీకి, ఒకే గడియల మూడు మెయిళ్ళు వచ్చినయి. ఫోనుకేం తెలుసు, ఒక్క ఐడీ వెనుక బస్తీ బస్తీ దాచిపెట్టిన్రని? ఒక్క మనిషికే వచ్చినయనుకున్నది. మూడింటినీ ఒక్క కట్ట కట్టి మీద ఒక్కటి కనబడనిచ్చి, ఒక్క టింగు కొట్టి ఊకున్నది. పాండురంగ మీదిది చదివి, కింద ఏమున్నదో చూడకుండ ఉరికిండు.

"రాలేదంటివి గదా అన్నా."

"ఒక్క టింగే కొట్టింది మరి!" పాండురంగ గొంతు లేచింది. "మూడు కొడ్తె నేను చూడకపోదునా? ఇండ్ల నా తప్పేమున్నది? మోగని మెయిల్‌కు నేనెట్ల జవాబుదారి?"

"కంపెనీవాళ్ళదే పొరపాటమ్మా," అన్నడు త్రిమూర్తులు. "ముగ్గురికి మూడు మోగించాలి కదా."

దుర్గాభవానికి ఇద్దరితోని కొట్లాడే తీరిక లేదు. మెయిల్‌ను కిందిదాక చదివింది. సర్టిఫికెట్లు అసలుయి, ఫోటోలు, ఈ మెయిల్ కాపీ పట్టుకొని రావాలె. కాపీ లేనిది గేటు లోపలికి రానియ్యరు.

"ప్రింట్ తియ్యి."

పాండురంగ మౌసు ముట్టిండు. అప్పుడే ఫ్యాను రెక్కలు మెల్లగైనయి. కంప్యూటర్లు మూడూ నల్లగైనయి. పక్కన పంచర్ల దుకాణంల గాలిమిషను దగ్గి ఆగింది. ఆ ఎండకాలం కరెంటు పోతె మూడు గంటలదాక దాని ఊసే ఉండేది కాదు.

"చూసినవా? కరెంటు పాయె. ఇదీ నా తప్పేనా?" అన్నడు పాండురంగ, ఏదో గెలిచినట్టు.

దుర్గాభవాని తల్లి చేతిలకెల్లి కవరు అందుకున్నది. ఫోను చేతులనే ఉన్నది. మెట్టు దిగింది.

"ఏయ్, ఫోను! నా ఫోను ఇచ్చిపో!"

"కాపీ కావాల్నన్నరు గదా. నా కాపీ ఇండ్లనే ఉన్నది."

"బస్తీ బస్తీ మెయిళ్ళు దాంట్ల పడ్తయి! ఎవలికన్న అర్జెంటుది వస్తె?"

"వస్తె మోగుతది తియ్యన్నా. ఒర్రుత."

పాండురంగ వెంట ఉరకబోయిండు. వెంకటనర్సమ్మ తలుపుల నుంచి జరగలే. పిండి చేతులు రెండూ చౌకట్లకు ఆనించింది.

"కూసోరా పాండూ. కరెంటూ లేదు, ఫోనూ లేదు. జరసేపు ఉత్త మనిషి లెక్క కూసో."

హబ్సిగూడదాక షేర్ ఆటోల పోయింది, అక్కడ ఇంకొక ఆటో ఎక్కింది. మెట్రో పిల్లర్ల కోసం ఉప్పల్ రోడ్డు పొట్ట చీల్చి పెట్టిన్రు. ఆటో చీమ లెక్క నడుస్తున్నది. ఒళ్ళో ఫోను టింగ్ టింగ్ మంటనే ఉన్నది. మోగినప్పుడల్ల పక్కన కూసున్న ముసలాయన ఉలిక్కిపడ్తున్నడు. దుర్గాభవాని ఒక్కొక్కటే చూసుకుంట పోయింది. లండన్ లాటరీల నీ పేరు వచ్చిందని ఒకటి. దమ్మాయిగూడల ప్లాట్లు తగ్గింపు ధరకని ఒకటి. బట్టతలకు మందని ఒకటి. అదే లండన్ లాటరీ మళ్ళొకసారి. బస్తీ మొత్తం సొరకాయలు మోసి మొక్కిన గంట ఇదీ. మోగేటియి ఇవీ.

"ఏంది బిడ్డా అది, పసిపిల్లగాడా? ఊకెనే ఏడుస్తున్నది," అన్నడు ముసలాయన.

"పసిపిల్లలకు కడుపు నిండుతె ఊకుంటరు తాతా. దీనికి నిండదు."

అప్పుడు రత్నకుమారి యాదికొచ్చింది. మౌలాలిల ఒక చీరల దుకాణంల పనిచేస్తది. నంబరు పాండురంగ ఫోన్లనే ఉన్నది. కొట్టింది.

"హలో, పాండన్నా!" రత్నకుమారి గొంతుల తేనె కారింది.

"పాండన్న కాదు రత్నా, నేను దుర్గను. ఇను. దవాఖానా మెయిల్ నీకు కూడ వచ్చింది. ఒంటిగంట లోపల ఉప్పల్ రావాలె. సర్టిఫికెట్లు పట్టుకొని ఆటో ఎక్కు. నీ కాపీ కూడ నా కాడనే ఉన్నది."

తేనె ఆరిపోయింది.

"పాండన్న చెప్పమన్నడా?"

"పాండన్నకు తెల్వకుండెనే! కింద పడి ఉన్నయి మనయి. ఇప్పుడే చూసిన."

"పాండన్నకు తెల్వకుండ నాకెట్ల వస్తది? వస్తె టింగ్ మంటదన్నడు గద. సేటు ముందట నాతోని డ్యూటీ ఇడిపించి తమాష చూద్దామని ఉన్నదా నీకు? నేను పాండన్ననే అడుగుత."

ఫోన్ కట్ అయింది. రెండు క్షణాలకు ఒళ్ళోనే మోగింది. రత్నకుమారి.

"హలో, పాండన్నా! జర చెప్పే, ఆ దుర్గ..."

"నేనే రత్నా. నువ్వు పాండన్నకు చేస్తె నాకే వస్తది. ఫోను నా కాడున్నది."

కట్. మళ్ళ మోగింది. మళ్ళ రత్నకుమారే. ఈసారి గొంతు కఠినంగ వచ్చింది: "ముందు పాండన్నకియ్యి."

దుర్గాభవానికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆటోల అందరూ చూస్తుండంగ ఫోన్ల ఒర్రింది: "వస్తె రా, లేకుంటె చీరలు మడతపెట్టు! మెయిల్ రాసింది దవాఖానోళ్ళు, పాండురంగ కాదు!"

రత్నకుమారి మళ్ళ చెయ్యలే.

రింగురోడ్డు ఇంకా కనబడుతలేదు. ఆటో ఇంజను బంద్ చేసి డ్రైవరు బీడీ ముట్టించిండు. దుర్గాభవాని దిగి, కవరును కొంగు కింద పెట్టుకొని, తవ్వి పోసిన మట్టికుప్పల నడుమకెల్లి ఉరికింది. గేటు కాడ వాచ్‌మన్ కాపీ అడిగితె ఫోను చూపెట్టింది. ఆయన అద్దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ఏమనుకున్నడో, పో అన్నడు.

లోపల బల్ల అవతల శ్యామలాదేవి అనే ఆఫీసరమ్మ కాయితాలు సర్దుకుంటున్నది. ముందట ఆఖరి మనిషి లేస్తున్నడు. గోడ పక్కన బెంచి మీద శివ పండుకొని ఉన్నడు. నొసట బొట్టు మీద తడిబట్ట వేసిన్రు. పరీక్షల నరం గుచ్చుమన్నరట. సూది చూసుడుతోనే గుడ్లు తేలేసిండట.

శ్యామలాదేవి దుర్గాభవాని అర్జీ తీసి చూసి, కండ్లద్దాలు పైకి జరుపుకున్నది.

"ఒక్క నిమిషం. ఇందాక ఆ అబ్బాయిది ఇదే మెయిల్ ఐడీ. ఇంకో అమ్మాయిదీ ఇదే. ఫోన్ నంబరూ అదే. ఎవరమ్మా ఇతను? ఏజెంటా? ఏజెంట్ల ద్వారా వచ్చినవాళ్ళని మేం తీసుకోం. ఆ అబ్బాయిని అడిగితే మా అన్న అన్నాడు. మీకేమవుతాడు?"

దుర్గాభవాని లెక్క వేసుకున్నది. ఇంత ఉరికి వచ్చింది ఇందుకా? అన్న అన్నా పోతది, ఎవలో తెల్వదన్నా పోతది.

"ఏం గాడు మేడమ్," అన్నది. "మా రోడ్డు మీద నెట్ సెంటర్ నడుపుతడు. మా బస్తీల అందరి ఐడీ వానిదే. నాకు ఇంకొకటి ఉండాల్నన్న సోయి కూడ లేకుండె. అది నా బుద్ధితక్కువ. మా బస్తీ పోస్టాఫీసును వాడు నడుముకు కట్టుకొని తిరుగుతడు మేడమ్. ఇగో, ఇదే."

ఫోను బల్ల మీద పెట్టింది. పెట్టంగనే టింగ్ మన్నది. శ్యామలాదేవి చూసింది. లండన్ లాటరీ. మళ్ళ టింగ్. బట్టతల.

"రోజూ ఇంతేనా?"

"ఇంతకంటె తక్కువ లేదు మేడమ్. మీ మెయిల్ వీటి నడుమకెల్లి వచ్చింది. ముగ్గురివి ఒక్క కట్టల పడి, వాడు మీదిదే చూసిండు. నేను గంట కింద చూసిన."

శ్యామలాదేవి పెదవులు కదిలినయి గని నవ్వు బయటికి రానియ్యలే. ఇంకో కాయితం దుర్గాభవాని ముందటికి తోసింది. "మీ సొంత నంబరు ఇందులో రాయండి. ఐడీ ఒకటి సొంతంగా చేసుకుని రేపు వచ్చి ఇవ్వండి. ముందు లోపలికెళ్ళి బ్లడ్ తీసి చూపించండి."

లోపల ఒక లావాటి ఆయన చెయ్యి చాపి కూసున్నడు. నరం పైకి కనబడేటట్టు లేదు. దుర్గాభవాని రబ్బరు పట్టీ కట్టింది, వేలితోని తడిమింది. మొదటిసారి దొరకలే. చెమట పట్టింది. మూడేండ్లు సొట్టలే వెతికిన వేలు నరాన్ని మర్చిపోయిందనుకున్నది. పట్టీ విప్పింది, జరసేపు ఆగింది, మళ్ళ కట్టింది. ఈసారి వేలి కింద మెత్తగ, దారం లెక్క కదిలింది. గుచ్చింది. సిరంజిల ఎర్రగ ఎక్కింది.

బయటికొచ్చి మెట్ల మీద కూసున్నంక ఫోను మోగింది. ఎవరిదో నంబరు, గొంతు పాండురంగది. త్రిమూర్తులును అడిగి ఆయన ఫోను తీసుకున్నడట.

"చెల్లే, ఫోను యాడున్నది? అంత సల్లగున్నదా? ఎవలికన్న మెయిల్ వచ్చిందా?"

"శానా వచ్చినయన్నా. లండన్ల నీకు లాటరీ తగిలింది. బట్టతలకు మందు దొరికింది. బస్తీల ఎవలికి కావాల్నో ఒర్రి చెప్పు."

"లాటరీ నిజమేనా చెల్లే?" అని పాండురంగ మెల్లగ అడిగిండు.

దుర్గాభవాని ఫోనును ఆ మాపున్నే పాండురంగకు ఇచ్చేసింది. వారానికి ఆమెకు కొలువు వచ్చింది. మూతల కంపెనీల చెప్పేసి వచ్చింది. శివకు రాలే. రత్నకుమారి ఆనాడు మౌలాలి దాటలే. తర్వాత ఎదురుపడ్డప్పుడు తప్పు దుర్గాభవానిదే అన్నది. "నువ్వు చెప్తివి గని, పాండన్న ఒక్క మాట చెప్పి ఉంటె నేను ఉరికొద్దును," అని మూతి తిప్పుకొని, ఇంకో కొలువుకు అర్జీ పెట్టనీకి పాండురంగ సెంటర్లకే పోయింది. చేతిల సొరకాయ.

డ్యూటీల చేరి నాలుగు రోజులు కాలేదు, పాండురంగ మడిగె మీద ఇంత పొడుగు ఫ్లెక్సీ లేచింది. నడుమ పాండురంగ, నల్ల కండ్లద్దాలు పెట్టుకొని, ఫోను చెవి కాడ పెట్టుకొని. ఒకపక్క అర్జీకని స్కాన్ చేసిన దుర్గాభవాని ఫోటో, ఇంకోపక్క శివ ఫోటో. 'మా మెయిల్ అలర్ట్ ద్వారా సకాలంలో సమాచారం అంది విజయం సాధించిన అభ్యర్థులకు అభినందనలు' అని రాసి ఉన్నది.

దుర్గాభవాని డ్యూటీ నుంచి వస్తూ చూసింది. నిలబడి ప్రతి అక్షరం చదివింది.

"శివకు కొలువు యాడొచ్చిందన్నా?"

"కొలువు రాకుంటేంది చెల్లే? మెయిల్ అయితె టయానికి వచ్చింది గద," అన్నడు పాండురంగ. "నీకూ వచ్చింది. మన ఫోన్లనే వచ్చింది. కాదంటవా?"

జనం నిలబడి చూస్తున్నరు. చిదంబరం పంతులు కర్రీపాయింటు కాడికి తిరిగి రావట్టిండు, ఆయన కూడ చూస్తున్నడు. దుర్గాభవాని పంచర్ల దుకాణంల స్టూలు అడిగి తెచ్చుకున్నది. ఎక్కి, తాళ్ళు ఒక్కొక్కటే విప్పింది. "ఏయ్, ఏయ్, ఏం చేస్తున్నవ్? డబ్బులు పెట్టి కొట్టించిన!" అని పాండురంగ కింద తిరుగుతున్నడు గని, పైకి ఎక్కేంత ధైర్యం చెయ్యలే.

"నా మొఖం ఉన్నది గదన్నా దీని మీద. నన్ను అడిగి వేసినవా? ఇగ ఇది నాదే." చాప లెక్క చుట్టి సంకల పెట్టుకొని స్టూలు దిగింది. చిదంబరం పంతులు గబగబ వచ్చి స్టూలును తానే పంచర్ల దుకాణంల ఇచ్చొచ్చిండు.

ఇంట్ల వెంకటనర్సమ్మ ఫ్లెక్సీని విప్పి, బిడ్డ ఫోటోను చూసి మురిసి, కత్తెర తెచ్చి ఆ ముక్క వరకు కోసి గోడకు పెట్టుకున్నది. శివ ముక్కను కోసి వాళ్ళమ్మకు పంపింది, ఎంతైనా కన్నతల్లి గద. నడుమ పెద్దది మిగిలింది. గట్టి సరుకు, ఎండకు పలగదు, కింద మన్ను అంటదు. దాన్ని ఎండ పడే బంగ్ల మీద పరిచి నాలుగు మూలలా రాళ్ళు పెట్టింది. కారం పట్టించనీకి కొనుక్కొచ్చిన మిరపకాయలను తెచ్చి, సంచి తిరగేసి, పాండురంగ నల్ల కండ్లద్దాల మీద కుప్ప పోసింది. చెయ్యితోని అటు ఇటు జరిపి, చెవి కాడి ఫోను కూడ కనబడకుండ ఎర్రగ నెరిపింది.